జమున కళ్ల రంగు

ప్రింటర్ కొనడానికి గద్వాలకు నన్నూ రమ్మన్నాడు మా ఆయన రాఘవేందర్. ఆత్మకూరులో మాది ఫోటో స్టూడియో. డిజిటల్ కెమెరా కొని ఏడాది దాటినా, ప్రింట్ల కోసం ఇంకా కర్నూలు ల్యాబుకే పరుగెత్తుతున్నాడు. సొంత ప్రింటర్ ఉంటే ఆ తిరుగుడు తప్పుతుందని ఆయన ఆశ. పిల్ల పోయినప్పటి నుంచి నాకు ఏ ఆశా లేదు.

మా జమున వనపర్తి హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివేది. కామెర్లు బాగా ముదిరాక మాకు కబురొచ్చింది. కళ్లు పచ్చబడ్డప్పుడే తెచ్చి ఉంటే బతికేదన్నాడు దవాఖానలో డాక్టరు. చూసి కూడా చెప్పలేదని హాస్టల్ వార్డెన్ సావిత్రమ్మను అప్పటి నుంచీ తిట్టిపోస్తూనే ఉన్నాను. బజారులో ఎదురుపడ్డా వదల్లేదు.

కంప్యూటర్ల దుకాణం అజీజ్ మూడు ఇంక్‌జెట్ ప్రింటర్లు వరసగా పెట్టి, మూడింట్లోనూ ఒకే రామచిలుక బొమ్మ తీసి చూపించాడు. నాకు ఒళ్లు మండింది. ఆ చిలుక అసలు రంగు మనమేమన్నా చూశామా, మనకు తెలిసిన మొహం తీయించమన్నాను. మా ఆయన కెమెరాలోంచి నేరుగా ఎక్కించి తెచ్చిన ఫోటోల సీడీ పెట్టి వెతుకుతుంటే జమున కనిపించింది. పరీక్షల ఫోటో కోసం ఒక ఆదివారం ఇంటికొచ్చి దిగి, సాయంత్రమే వెళ్లిపోయింది. ఆ రోజు నేను లింగాలలో మా అమ్మగారింట్లో ఉన్నాను. నెల తిరగకుండానే పిల్ల లేదు. అదే తీయమన్నాను. మా ఆయన వద్దన్నా వినలేదు.

మొదటిదాంట్లో మొహం కుంకుమ పూసినట్టు ఎర్రగా వచ్చింది. రెండోదాంట్లో తెల్లగా తళతళలాడింది. గిరాకీలకు ఇదే నచ్చుతుందన్నాడు అజీజ్. నిజమే, మా ఊళ్లో ఫోటో దిగేవాళ్లంతా తెల్లగా రావాలంటారు. మూడోది మెల్లగా తీసింది. అదే చామనచాయ, కనుబొమ్మ మీద అదే గాటు. అచ్చం నా బిడ్డే. చేత్తో తడమబోయి ఆగిపోయాను. కళ్లు పచ్చగా ఉన్నాయి.

ఇంకులో తేడా ఉందేమోనని అజీజ్‌ను అడిగాను.

"ఇంకుది కాదక్కా. చూడు, అంగి కాలరు తెల్లగనే ఉంది."

మా ఇంట్లో గోడకున్నదీ ఇదే ఫోటో. అందులో కళ్లు మల్లెపూలలా ఉంటాయి. మా ఆయన వైపు తిరిగాను.

"మరి ఇంట్లున్న ఫోటోల కండ్లు తెల్లగున్నయి?"

ఆయన సీడీ కవరు చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే తెల్లగ చేసిన, కంప్యూటర్ల. అందరివి చేసినట్లె. బల్బు ఎలుతురు పచ్చగ పడిందనుకున్న వసంతా."

నాకు ఏడుపు రాలేదు. సావిత్రమ్మను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. కన్నతండ్రి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫోటో తీసి, ఆ కళ్లను తెరమీద ఇంత పెద్దవి చేసి చూసి, వాటి రంగు తుడిచేశాడు. చెంప పగలగొట్టాలనిపించింది. అజీజ్ ముందు బాగుండదని ఊరుకున్నాను.

పాపం, అజీజ్‌కు ఏమీ అర్థం కాలేదు. ఏది ప్యాక్ చేయమంటారని అడిగాడు. మూడోదన్నాను. అందులో మనుషులు ఉన్నది ఉన్నట్టే వస్తారని, గిరాకీ పోతుందని చెప్పాడు.

"పోతే పోనీ. రేపు ఇంకెవరి పిల్లనో వచ్చి ఈయన ముందల కూసుంటది. ఆ పిల్ల కండ్లన్న ఈయనకు కనవడాలె."

బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరు వచ్చేదాకా ఆయన తలెత్తలేదు. ఇంటికి రాగానే గోడమీది ఫోటో దించేశాను. పచ్చకళ్ల జమునను అక్కడ పెట్టి, పాత ఫోటో దండ తీసి ఈ కొత్తదానికి వేశాను.