పూడ్చిన అంచు

చెప్పేసి ఉంటే పోయేదేముంది, ఉద్యోగమే కదా, అనుకుంటూ లాజరు జనరేటర్లో డీజిల్ పోశాడు. పదిహేను నెలలుగా పొద్దున్నే ఇదే పని, ఇదే మాట. మాట మాత్రం నోటి దాకా రాదు. రామచంద్రపురం శివారులోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో కరెంటుకి నిలకడ లేదు. కంప్యూటరులో మూడు రోజులు నడవాల్సిన లెక్క మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే. యాంటెన్నా ల్యాబులో పరిశోధన చేస్తున్న కీర్తిప్రియ లెక్కలు ఆగకుండా కాపలా కాసేది టెక్నీషియన్ లాజరే. ఈరోజే ఆమె ఆఖరి రోజు.

ఆమె పరిశోధనంతా అరచేతిలో పట్టే తెల్లటి సిరామిక్ బిళ్ల మీద. దాంట్లోకి వెళ్లిన రేడియో అల ఆరో వంతుకి కుంచించుకుపోతుంది. దాన్ని పట్టాలంటే లెక్కకోసం కంప్యూటరు దాని మీద వేసే గళ్లు కూడా అంత చిన్నవవ్వాలి. "పెద్ద కన్ను వలలో రొయ్యపిల్ల పడదు కదండీ," అని ఆమె ఒకసారి నవ్వుతూ చెప్పింది. వాళ్లది భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఇల్లు.

లెక్క ఒక అంకె చెప్పేది, అసలు బిళ్లని కొలిచే మీటరు ఇంకోటి చూపించేది. లోపం గళ్లలోనే ఉందని ఆమె నమ్మింది. ఇంకా చిన్నవి చేసింది. లెక్క వారం పట్టింది. బిళ్లలో చిన్న గళ్లు ఉంచి, బయట గాలిలో పెద్దవి చేసింది. ఆఖరికి, బిళ్ల రెండు సగాలూ ఒకటే గనక సగమే లెక్కకట్టి మొత్తాన్ని ఒక పూటకి తెచ్చింది. ఎంత తొందరగా వచ్చినా వచ్చింది పాత జవాబే.

రెండు సగాలూ ఒకటి కావని లాజరుకి తెలుసు. పదిహేను నెలల కిందట అతను తుడుస్తుంటే బిళ్ల జారి సింకు అంచుకి తగిలింది. చింతగింజంత పెచ్చు లేచిపోయింది. అంతకు నెల ముందే మీటరు పగలగొట్టిన మనిషిని పనిలోంచి తీసేశారు. లాజరు జిగురులో సుద్దపొడి కలిపి పూడ్చాడు, గరుకు కాగితంతో రుద్దాడు. వేలితో తడిమినా తెలియలేదు. మొదటి వారం తన చేతిపనికి కాస్త మురిశాడు కూడా.

"బిళ్లకేమీ కాలేదు కదా లాజరుగారూ?" అని ఆమె ఒక్కసారే అడిగింది.

"లేదండి. బానే ఉందండి."

ఆ తర్వాత ఆమె బిళ్లని అనుమానించలేదు. తనని తాను అనుమానించుకోవడం మొదలుపెట్టింది. భోజనం మానేసింది. కళ్ల కింద నలుపు దిగింది. లాజరు అది చూస్తూ మరింత శ్రద్ధగా జనరేటర్ తుడిచేవాడు.

ఈరోజు మధ్యాహ్నం ఆమె తన గైడు శ్రీనివాసరాజుగారి గదిలోంచి వచ్చింది. పరిశోధన మానుకుంటున్నట్టు సంతకం పెట్టేశానంది. ఇంక మీ జనరేటర్‌కి రెస్టండి, అంది. లాజరు నోరు తెరిచాడు.

"టీ తాగుతారా అండి?"

ఆమె తల అడ్డంగా ఊపి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"మీరు లేకపోతే ఈ మాత్రమైనా అయ్యేది కాదండి."

కిటికీలోంచి చూస్తే ఆమె ఎక్కిన బస్సు కాలవ వంతెన ఎక్కి, దిగి, కనబడలేదు. ఆమె ఆపకుండా వదిలేసిన ఆఖరి లెక్క స్క్రీన్ మీద ఇంకా నడుస్తోంది. ఇప్పుడు కరెంటు పోయినా ఎవరికీ నష్టం లేదు.

లాజరు కెటిల్‌లో నీళ్లు కాచి గిన్నెలో పోసి, జిగురు మెత్తబడేదాకా బిళ్లని అందులో నానబెట్టాడు. బ్లేడు మొన గుచ్చి తిప్పాడు. పూడిక ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. అయిదింటికి గది చూసుకోవడానికి శ్రీనివాసరాజుగారు వస్తారు. లాజరు బిళ్లని ఆమె కీబోర్డు మీద, విరిగిన వైపు తలుపుకి ఎదురుగా పెట్టాడు.

తెల్లటి అంచులో ఆ చిన్న గుంట ఇంకా తడిగా ఉంది.