వాసన లేని కొత్తిమీర

చల్లారిన కోడిముక్క పక్కన ఒక పచ్చటి రెమ్మ పెట్టి, మణి పళ్ళేన్ని ముందుకు నెట్టింది. వెనకే ఇంకోటి వచ్చింది. అమెరికాలో, వాషింగ్టన్ విమానాశ్రయం పక్కనున్న షాంటిలీ దగ్గర, విమానాలకు భోజనాలు కట్టే వంటశాలలో ఆమె పని అదే. దాన్ని పార్స్‌లీ అంటారక్కడ. మణికి మాత్రం అది వాసన లేని కొత్తిమీర. చన్నీళ్ళలో నాని నాని వేళ్ళు ముడతలు పడ్డాయి, గోళ్ళ సందుల్లో పచ్చదనం దిగిపోయింది.

కాకినాడ వదిలి తొమ్మిదేళ్ళు. మళ్ళీ వెళ్ళింది లేదు. టికెట్టంటే మాటలా! ఆ ఊసెత్తితే భర్త ఆనందబాబు, "రెక్కలు మొలవనీ, ఎగిరిపోదాం" అని నవ్వేసేవాడు.

డెబ్బైలు అయిపోతుండగా లండన్‌కి ఒక కొత్త విమానాల కంపెనీ దిగింది. తిండి పెట్టం, టికెట్ మాత్రం సగానికే ఇస్తాం అంది. జనం ఎగబడ్డారు. పాతవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ తగ్గించారు. అక్కణ్ణుంచి మద్రాసుకి తిప్పేవాళ్ళూ దిగొచ్చారు. చేపల బజార్లో పక్కపక్క గంపలవాళ్ళే నయం! ధర తగ్గినప్పుడల్లా మణి ముందున్న పళ్ళెంలో ఏదో ఒకటి మాయమయ్యేది. చాక్లెట్ పోయింది. రెండో రొట్టె పోయింది.

"అక్కా, రేపట్నుంచి రెమ్మ కూడా వద్దంట" అంది పక్కన మూతలు పెట్టే జయంతి. "నిన్ను గిన్నెలు కడిగేదానికి మారుస్తారంట. ఇప్పుడు లీవ్ పెట్టావో, ఆ చోటూ దక్కదు."

"సాయంత్రమే ఫ్లైట్, పిచ్చిదానా."

"క్యాన్సిల్ చెయ్యి. మీ అక్క ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు వెళ్ళు."

"అక్క ఉంటుందే. అక్క చూపు ఉండదు."

తల్లి పోయాక మణికి జడలేసి బడికి పంపింది ఆ అక్క కరుణమ్మే. కళ్ళలో నీటికాసులట, ఇక లాభం లేదన్నారట. 'నీ మొహం ఒక్కసారి చూడనీవే' అని కబురు పెట్టింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పళ్ళెంలోంచి తీసేసినవన్నీ కలిస్తేనే కదా తన టికెట్టయింది! ఆ సంగతి అప్పుడే తట్టింది మణికి. చేదుగా నవ్వుకుని, ఇంకో రెమ్మ అందుకుంది.

షిఫ్ట్ అయిపోయింది. తలకున్న వల తీసి జేబులో పెట్టుకుంది. "రేపు వస్తున్నావుగా?" అని సూపర్‌వైజర్ ఇంగ్లీషులో అడిగాడు. తల అడ్డంగా ఊపింది. అతను సరేనని, ఆమె హాజరు కార్డు తీసేసుకున్నాడు.

బయట కార్‌లో ఆనందబాబు. వెనక సీట్లో పెట్టె.

"ఏమే, మొలిచాయా రెక్కలు?"

"నాకు మొలిచాయి. మీకింకా మొలవాలి" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

లోపల ఆమె నిలబడే చోట, చన్నీళ్ళ గిన్నెలో, రేపటికి ఎవరికీ అక్కర్లేని ఆ రెమ్మల కట్ట ఇంకా పచ్చగా తేలుతూనే ఉంది.