పదిహేనో పాయింటు

మోకాలి ఆపరేషన్ తర్వాత ఫ్లోరా సేబర్ కత్తితో ఆడే ఫెన్సింగ్ మానేసి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు కోవూరులో ఒక స్కూల్లో పీఈటీ. పగలంతా పిల్లల చేత ఖోఖో ఆడించి, సాయంత్రం గదికొచ్చి ఒక్కతే వండుకుని తింటుంది. పదహారేళ్లు కత్తి పట్టిన మనిషి. ఆ ఆటకు ఎదురుగా ఇంకొకరు ఉండి తీరాలి. కొన్నాళ్లు అద్దం ముందు నిలబడి కత్తి తిప్పింది. తనకే సిగ్గనిపించి ఆపేసింది.

ఆమెకు ఎదురుగా ఎక్కువసార్లు నిలబడింది ఎలిశబెతు. నెల్లూరు హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది. రాష్ట్ర జట్టు సెలక్షన్ ఫైనల్లో ఇద్దరూ పద్నాలుగు పాయింట్ల దగ్గర సమంగా నిలిచారు. పదిహేనో పాయింటు కోసం కొట్టిన దెబ్బ ఇద్దరికీ ఒకేసారి తగిలి, రెండు లైట్లూ వెలిగాయి. సేబర్‌లో అలాంటప్పుడు ముందు దాడికి దిగినవాళ్లదే పాయింటు. దిగింది ఎలిశబెతు. రిఫరీ చెయ్యి మాత్రం ఫ్లోరా వైపు లేచింది. ఫ్లోరా నోరు విప్పలేదు. ఆ గెలుపుతో జాతీయ జట్టు దాకా వెళ్లింది, నాలుగు దేశాలు తిరిగింది. ఎలిశబెతు ఆ ఏడే ఆట వదిలేసి, పెళ్లి చేసుకుని జువ్వలదిన్నె చేరింది.

ఇన్నేళ్లకు ఒక శనివారం ఫ్లోరా బస్సెక్కింది.

జువ్వలదిన్నె చేపల హార్బర్లో ఎలిశబెతు రొయ్యలు ఏరుతోంది. చూడగానే గుర్తుపట్టి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"ఏందక్కా, ఇట్టొచ్చినావు?"

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి ఫ్లోరా ఒక్క గుక్కలో అనేసింది. "ఆ చివరి పాయింటు నీది. నాకు అప్పుడే తెలుసు."

"ఏ పాయింటు?"

ఫ్లోరా మొదటినుంచీ చెప్పింది. ఎలిశబెతు వింటూనే మళ్లీ రొయ్యల ముందు కూర్చుంది.

"నాకంత గుర్తులేదక్కా. ఆ పొద్దు సాయంత్రం మా అమ్మ చేపల పులుసు తెచ్చింది. ఇద్దరం తిందామని రూములో చూస్తా కూర్చున్నా. నువ్వు రాలా. తెల్లారేసరికి నీ పెట్టె కూడా లేదు."

"నీ మొహం చూడలేక..."

"ఓడింది నేను గదా అక్కా. నీకేమయింది?"

ఫ్లోరా పాయింటుకు క్షమాపణ అడగడానికి వచ్చిందే గాని, ఆ సాయంత్రం సంగతి ఆమె తలపులోకే రాలేదు.

అంతలో వేలంపాట మొదలైంది. "కూర్చో అక్కా, వస్తా," అని ఎలిశబెతు గంప ఎత్తుకుని వెళ్లింది. తిరిగొచ్చాక ఇద్దరూ టీ తాగారు. రొయ్యల ధర గురించీ, ఎండల గురించీ మాట్లాడుకున్నారు.

"వచ్చే ఆదివారం కోవూరొస్తావా?" అంది ఫ్లోరా, లేవబోతూ.

"చూస్తాలే అక్కా."

బస్సు కదిలి చాలాసేపయ్యాక గాని, ఒకరి ఫోన్ నంబరు ఒకరు అడగలేదని ఫ్లోరాకు తట్టలేదు.