మొదటి సవారీ

దివాణం వాళ్ల ఎర్ర కారుకి ఏ చిన్న జబ్బు చేసినా గణపతిరావుకి కబురొచ్చేది. ఆమదాలవలస స్టేషను వీధిలో అతని షెడ్డు. బస్సులు, లారీలు, రైసుమిల్లు ఇంజన్లు ఎన్ని వరసలో ఉన్నా అన్నిటినీ పక్కన పడేసి, పానాల సంచీ సైకిలుకి తగిలించుకుని దివాణానికి పరిగెత్తేవాడు. పెద్దరాజుగారు బతికున్న రోజుల్లో కలకత్తాలో ఒక తెల్లదొర దగ్గర కొన్న కారది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలని రాసుకుంటూ పోతున్నట్టుండేది. ఆ ఇంజను ఎన్నిసార్లు దించాడో, గేర్లు ఎన్నిసార్లు విప్పి బిగించాడో గణపతిరావుకే గుర్తులేదు. కానీ అందులో అతను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

కూర్చోవద్దని ఎవరూ అనలేదు. నోరు విప్పి చెప్పాల్సి వస్తే అది దివాణమెందుకవుతుంది? ఇంజను పరీక్ష చేయాలంటే గణపతిరావు తలుపు బయట గొంతుక్కూర్చుని, ఒక చేత్తో క్లచ్చు అదిమిపట్టి, రెండో చేత్తో గేరు వేసేవాడు. కారు కదలాలంటే పాలేర్లు తోసేవాళ్లు. ప్రపంచంలో ఏ మెకానిక్కుకీ రాని విద్య ఇది, దివాణం మెకానిక్కుకి తప్ప. పెద్దరాజుగారు పోయాక కూడా ఈ పద్ధతి పోలేదు. జమీందారీలు పోయాయని ఎప్పుడో కాగితాల మీద రాసుకున్నారు గాని, ఆ కారు సీటుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అరవై ఎనిమిదిలో పెద్దరాజుగారి కొడుకు కొండబాబుకి కారు పందేల పిచ్చి పట్టింది. మద్రాసులో పందేలు చూసొచ్చి, అక్కడి స్నేహితుడి చేత ఇంగ్లండు నుంచి కొత్తరకం స్ప్రింగులు తెప్పించాడు. రైలు పార్సిల్లో వచ్చిన పెట్టె విప్పగానే గణపతిరావు కళ్లు మెరిశాయి. స్ప్రింగూ షాకబ్జార్బరూ వేరువేరుగా కాకుండా, ఒకదాని లోపల ఒకటి ఇమిడి ఉన్నాయి. ఒంటి మీద మరలు, మరల మీద పెద్ద రింగు. ఆ రింగుని పైకి తిప్పితే కారు ఎత్తు పెరుగుతుంది, కిందికి తిప్పితే తగ్గుతుంది. అడుగున చిన్న బిరడా ఒకటి, అది తిప్పితే షాకబ్జార్బరు గట్టిపడటం, మెత్తబడటం.

"ఇవి బిగించెయ్యి గణపతీ," అన్నాడు కొండబాబు ఉత్సాహంగా. "బిగింపయ్యాక మొదటి సవారీ నీదే. నువ్వే తోలుకుని మీ వీధంతా తిరిగిరా."

మాటలకేం, కొండబాబు నోట్లోంచి తుంపర్లలా రాలుతుంటాయి. కానీ గణపతిరావు ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి భార్య కూర్మమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని స్టేషను వీధి మొత్తానికి పంచిపెట్టింది. పక్కింటి దాలమ్మ దగ్గర్నుంచి టీ బడ్డీ దాకా, కూర్మమ్మ మొగుడు ఎర్రకారు తోలుకుని వీధిలోకి వస్తాడట అనే మాట పాకింది. ఇక వెనక్కి తీసుకోడానికి లేదు.

స్ప్రింగులు పట్టే చోట్లు కారుకి లేవు. దళసరి రేకు కోసి, కొలిమిలో వంచి, తనే పట్టీలు చేశాడు. నాలుగు చక్రాలకీ బిగించాడు. ఇక ఎత్తు సరిచెయ్యడం మిగిలింది. తోలేవాడి బరువు కుడిపక్కనే పడుతుంది కాబట్టి ఆ సీటులో మనిషి ఉండగానే రింగులు సరిచూడాలి. కొండబాబు కాసేపు కూర్చున్నాడు, సిగరెట్టు కాల్చాడు, విసుగొచ్చి లేచిపోయాడు.

"మనిషి కూకుంటే గాని కుదరదు బాబూ," అన్నాడు గణపతిరావు. తర్వాత చేతులు గుడ్డకి తుడుచుకుని, "నాను కూకుంటాను. ఆ రింగు ఎవులైనా తిప్పగలరు, నాను సెప్తాను," అన్నాడు.

కొండబాబు వరండా వైపు చూశాడు. అక్కడ అతని తల్లి లక్ష్మీనరసమ్మ ఒత్తులు చేసుకుంటోంది. ఆవిడ తలెత్తకుండానే, కోపమేమీ లేకుండా, "బియ్యం బస్తా ఒకటి ఎయ్యించరా," అంది. "మనిషంత బరువుంటాది కదా."

బస్తా వచ్చింది. పాలేరు దాన్ని దులిపి పెద్దరాజుగారి సీటులో కూర్చోబెట్టాడు. గణపతిరావు కారు కింద పడుకుని కొక్కెం పానాతో రింగులు తిప్పుతూ ఉంటే, పైన బస్తా దర్జాగా కూర్చుంది. ఇన్నేళ్లూ చేసిన చాకిరీ బియ్యం బస్తాపాటి చెయ్యలేదా అని అతనికి కడుపులో మంట లేచింది. ఆ మంటలోనే ఎత్తు నాలుగు మూలలా సమంగా కుదిర్చాడు. గట్టిదనం మాత్రం లారీల అలవాటు కొద్దీ బిరడాలన్నీ చివరికంటా బిగించేశాడు. ఈ గోతుల రోడ్ల మీద ఏ బండికైనా అలాగే బిగించేవాడు మరి. గట్టిదో మెత్తదో మనిషి నడుము చెప్పాలి. బస్తాకి నడుము నొప్పి పుట్టదు.

"ముందు నేను చూసొస్తాను, తర్వాత నువ్వు," అంటూ కొండబాబు కారెక్కాడు. రైల్వేగేటు దాకా కూడా వెళ్లలేదు, మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"ఏం బిగించావయ్యా? కప్పలా గెంతుతోంది. మలుపులో రోడ్డు మీద నిలబడటం లేదు."

"ఎక్కడ గెంతుతాంది బాబూ? ముందరా, ఎనకా?"

"నాకేం తెలుసు? అంతా గెంతుతోంది!"

"ఒక్కపాలి నన్ను తోలనివ్వండి. తోలితే నాకు తెలిసిపోతాది. దిగి తిప్పుకుంటాను, మళ్లీ తోలి సూస్తాను. గంటలో అయిపోద్ది."

గణపతిరావు జీవితంలో దివాణాన్ని నోరు తెరిచి అడిగినది అదొక్కటే. కొండబాబు మళ్లీ వరండా వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా సరే, చూసి, "చూద్దాంలే," అని లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రమ్మని కబురొచ్చింది. "నీ సవారీ ఉందన్నారు బాబుగారు," అని చెప్పి వెళ్లాడు పాలేరు. కూర్మమ్మ ఉబ్బితబ్బిబ్బయింది. పంచె, చొక్కా ఉతికి నీలిమందు పెట్టింది. గోళ్లలో నూనె మరకలు పోయేదాకా కుంకుడురసంతో మొగుడి చేతులు తోమింది.

"పానాల సంచీ ఒగ్గెయ్ మావా. ఈరోజు నువ్వు పనికెల్లట్లేదు," అంది.

మల్లెపువ్వులాంటి బట్టల్లో గణపతిరావు దివాణం చేరేసరికి కారు దగ్గర కొత్త మనిషొకడు ఉన్నాడు. విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు, నారాయణమూర్తి, కొండబాబు స్నేహితుడు. అతని ప్యాంటుకి గ్రీజు, బూట్లకి ఎర్రమట్టి. ఎవరినీ అడగలేదు, తలుపు తీసుకుని పెద్దరాజుగారి సీటులో చతికిలబడ్డాడు. గణపతిరావు గబుక్కున వరండా వైపు చూశాడు. లక్ష్మీనరసమ్మ లేచి లోపలికి వెళ్లి, ఇంజనీరుకి స్వయంగా కాఫీ పట్టుకొచ్చింది.

అప్పటిదాకా అతను అనుకున్నది వేరు. పోయిన రాజుగారి సీటు కాబట్టి అందులో కొడుకు తప్ప మరెవరూ కూర్చోకూడదేమో అనుకున్నాడు. అలా అనుకుని ఇన్నేళ్లూ సమాధానపడ్డాడు. ఎవరైనా కూర్చోవచ్చు, తను తప్ప. అంతే సంగతి.

ఇంజనీరు కారు తోలుకెళ్లాడు, మధ్యలో ఆపి బిరడాలు తిప్పుకున్నాడు, మళ్లీ తోలాడు, నవ్వుతూ తిరిగొచ్చాడు. మంచివాడు. నేరుగా గణపతిరావు దగ్గరికే వచ్చాడు.

"బిగింపు చాలా బాగుందండీ. ఆ పట్టీలు మీరే చేశారా? ముందు చక్రాలవి మరీ గట్టిగా ఉన్నాయి, అంతే. మీరొక్కసారి తోలి ఉంటే మీకే తెలిసిపోయేది."

ఆ మాట నిజం. నిజం కాబట్టే ఒళ్లు భగ్గుమంది. గణపతిరావు చేతులు కట్టుకుని, "సిత్తం," అన్నాడు.

"రా గణపతీ, ఎక్కు! మాటిచ్చాను కదా," అంటూ కొండబాబు తనే చక్రం ముందు కూర్చుని, ఎడమపక్క సీటు చూపించాడు. తోలడం మాట అతనికి గుర్తే లేదు. గణపతిరావు గుర్తు చెయ్యలేదు. చెప్పులు విప్పి, కాలు ఎత్తబోయాడు.

"ఉండు," అంది లక్ష్మీనరసమ్మ.

పనిమనిషి పాత దుప్పటొకటి తెచ్చింది. ఎడమ సీటు మీద పరిచి, అంచులు లోపలికి దోపింది. ఇంజనీరు కొబ్బరిచెట్ల వైపు తల తిప్పుకున్నాడు. గణపతిరావు తన పంచె చూసుకున్నాడు. మచ్చుకి ఒక్క మరక లేదు. కుడి సీటు అంచున ఇంజనీరు బూటు మట్టి ఇంకా అలాగే ఉంది.

తల తిరుగుతోందని చెప్పి తప్పుకోవచ్చు. కానీ వీధిలో కూర్మమ్మ కాచుకుని ఉంటుంది. దుప్పటి మీద కూర్చున్నాడు.

కారు పరుగెత్తింది. రైల్వేగేటు దగ్గరి గోతులు ఉన్నట్టే తెలియలేదు. మలుపులో నాలుగు చక్రాలూ రోడ్డుని కరుచుకుని తిరిగాయి. తన చేతి పని ఒంటికి తెలుస్తుంటే గణపతిరావుకి ఒక్క క్షణం పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషం కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

స్టేషను వీధిలో కొండబాబు హారను కొట్టి, కారు నెమ్మది చేశాడు. కూర్మమ్మ, దాలమ్మ, వీధి జనమంతా గుమ్మాల్లో నిలబడ్డారు. కూర్మమ్మ కారు పక్కదాకా పరిగెత్తుకొచ్చి లోపలికి తొంగిచూసింది. గణపతిరావు ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"తోలకపోతే ఏటైంది మావా, నాను సూసినాను! నువ్వు కూకుంటావని సీటు మీద దుప్పటి పరిసినారు కదా! బాబుగారికి కూడా లేదు, నీకే పరిసినారు. ఎంత మరియాద!"

గణపతిరావు చొక్కా విప్పుతూ ఆగిపోయాడు. తర్వాత దాన్ని తీసి కొక్కేనికి తగిలించాడు.

"ఎవులు పరిపించినారు? బాబుగారేనా?" అని అడిగింది ఆవిడ.

"కాదే. అమ్మగారు."

"అమ్మగారే!" అని చెంపల మీద చేతులేసుకుని, ఆ మాట దాలమ్మకి చెప్పడానికి కూర్మమ్మ గబగబా గడప దాటింది.