రంగు మీద బిగించిన ఎర్త్

ఇసిమెలీ నడిపే వ్యానులో వెనక సీటు కిందికి దూరి, తప్పు నేను కావాలనే చేశాను. ఆంప్లిఫయర్‌కి ఎర్త్ వైరు బిగించేటప్పుడు బాడీ మీద రంగు గీకి, ఇనుము మెరిశాకే బోల్టు వెయ్యాలి, లేకపోతే ఇంజను రొద స్పీకర్లలోకి దూరుతుంది. పద్నాలుగేళ్ళుగా సువా పట్నంలో నా పని వ్యాన్లకి పాటల సెట్లు బిగించడమే. ఆ రోజు మాత్రం రంగు మీదే బిగించాను.

అతని దీవికీ నా దీవికీ తౌవు వరస. తౌవు అంటే బావామరదుల సరసం లాంటిదే, కాస్త మొరటు. ఎంత మాటైనా అనొచ్చు, ఎదుటివాడి ఒంటిమీద చొక్కా విప్పుకుపోవచ్చు. కోప్పడితే మాత్రం పరువు పోయినట్టే. పోయిన క్రిస్మస్‌కి అతను నా పందిని ఎత్తుకెళ్ళి, కోసుకు తిని, తలకాయ నాకు పంపాడు. అందుకే ఈ ఎర్త్.

మర్నాడే వచ్చాడు. "బావా, యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కీచుమని ఈల వస్తోంది."

"మీ తాత ఏడుస్తున్నాడు, నీ డ్రైవింగు చూడలేక."

నవ్వాడు. నేను నాలుగు వైర్లు కదిపి, ఏదో చేసినట్టు నటించి పంపేశాను.

మా స్టాండులో జనం పాట విని వ్యాను ఎక్కుతారు. ఈల వేసే వ్యాను ఎవరికి కావాలి? గురువారం మళ్ళీ వచ్చాడు.

"సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి. శనివారం లోపల బాగుపడకపోతే తాళాలు ఇచ్చెయ్యమన్నాడు ఓనరు ప్రమోద్. ఇంట్లో ఐదుగురం, బావా."

"ఐదుగురూ ఎక్కండి. కొంచెమన్నా నిండుతుంది."

దానికీ నవ్వాడు. శనివారం పొద్దున బాగు చేసేద్దాంలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అతను బతిమాలుతుంటే నాకు బాగుంది.

ప్రమోద్ శుక్రవారమే తాళాలు లాక్కున్నాడు.

సోమవారం కొత్త డ్రైవరు ఆ వ్యానుని నా షెడ్డుకి తెచ్చాడు. ఈల ఎప్పుడు వస్తుందో చూపించడానికి ఇసిమెలీని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"నువ్వెళ్ళి టీ తాగి రా," అన్నాను ఇసిమెలీతో.

"వద్దులే బావా, టార్చి పట్టుకుంటా."

పట్టుకున్నాడు. బోల్టు విప్పాను. కింద తెల్లరంగు గీతైనా పడకుండా ఉంది. టార్చి దాని మీదే నిలిచిపోయింది.

"గీకలేదా?" అన్నాడు మెల్లగా.

గరుకు కాగితంతో రుద్ది బిగించాను. కొత్త డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కి చూశాడు. ఈల లేదు. ఐదు నిమిషాల పని.

ఏ తప్పు చేసినా మా వాళ్ళలో తిమింగలం పన్ను పట్టుకెళ్ళి క్షమించమని అడగొచ్చు. తౌవు సరసానికి ఆ దారి లేదు, అది తప్పుల్లో లెక్క కాదు. అతను ఒక్క గుద్దు గుద్దితే బాగుండునని నిలబడ్డాను.

ఇసిమెలీ టార్చి ఆర్పి, గట్టిగా నవ్వి నా వీపు చరిచాడు. "పందికి సరిపోయింది, బావా."

మొన్నటిదాకా తను నడిపిన వ్యానులో వెనక సీట్లో కూర్చుని వెళ్ళిపోయాడు. పాట మలుపు దాటేదాకా శుభ్రంగా వినిపించింది.