పిన్ను ఊడినాక

నెలకు మూడు రోజులు దేవకికి సొంతంగా ఒక రేడియో ఉండేది. మిగతా రోజుల్లో అది అందరిదీ. ఆ మూడు రోజులు మాత్రం, బయట చేరిన కోడలు ముట్టుకున్న వస్తువు కాబట్టి, ఆదోనిలోని ఆ ఇంట్లో ఎవరూ దాని జోలికి వచ్చేవాళ్లు కారు. పెరటి చివర రేకుల గదిలో ఒక చాప, ఒక చెంబు, ఆ ట్రాన్సిస్టరు. గడప దాటడానికి లేదు.

ఎమ్మిగనూరు హైస్కూల్లో పనిచేసే భర్త భీమసేనరావు, పొద్దున బస్సుకు పోతూ, "చెవిలో పెట్టుకొని విను, నాయన పూజలో ఉంటాడు" అని చెప్పి పోయేవాడు. ఆ చెవిలో పెట్టుకునేదానితోనే వచ్చింది పేచీ. మీట చివరిదాకా తిప్పితే తప్ప అందులో మాట వినపడదు. పొరపాటున రేడియోలోంచి దాని పిన్ను ఊడిందా, అంత మోతా స్పీకర్లోంచి బయటపడి వీధంతా వినపడుతుంది. చేసినవాడెవడో గానీ, వాడి ఇంట్లో మామగారు ఉండి ఉండడు.

డెబ్బై తొమ్మిదిలో ఒక బుధవారం. పన్నెండున్నరకు ఇంకా అయిదు నిమిషాలుంది. దేవకి చెవిలోది పెట్టుకొని చాప మీద ఒరిగింది.

అయిదు నెలల కింద కడపలో పుట్టింటికి పోయినప్పుడు, తమ్ముడు తోడు వస్తే, రేడియో స్టేషన్లో ఒక దాసర పదం, హరిదాసుల కన్నడ పాట, పాడి వచ్చింది. అది ఇవాళ పన్నెండున్నరకు వస్తుంది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటి పేరంటంలో పాడమంటే మామ సేతుమాధవరావు ఒక్క మాటతో తేల్చేశాడు. "మనింటి కోడండ్లు పదిమందిలో పాడరు." రిటైరైన హెడ్మాస్టరు ఆయన, అన్న మాట దిద్దుకునే అలవాటు లేదు. ఇప్పుడు సంగతి బయటపడితే పుట్టింటి ప్రయాణాలు బంద్, పాటా బంద్. తన గొంతు తాను ఒక్కసారి వినాలి, మూడో మనిషికి తెలియకూడదు. ఆమె కోరిందల్లా అదే.

"ఇప్పుడు దాసర పదం. పాడినవారు తారాబాయి."

దేవకి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. అది ఆమె పేరే. ఆరేళ్ల కింద పెళ్లిలో పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో 'దేవకి' అని రాయించాడు మామ. ఇంటికి వచ్చే పిల్లకు కొత్త పేరు పెట్టడం వాళ్ల ఆచారం. ఆ పూటతో తార పోయింది. రేడియో వాళ్లు పేరడిగితే నోటికి అదే వచ్చింది.

లేచిన విసురుకు తీగ మోకాలికి తగులుకుంది. పిన్ను ఊడింది.

ఆమె గొంతు పెరడంతా నిండిపోయింది.

తటాలున పిన్ను మళ్లీ గుచ్చింది. దేవుడింట్లో గంట ఆగింది.

"ఏయ్, ఎందుకాపినావు? తియ్యి ఆ చెవిది!" మామ గొంతు.

తీసింది. మళ్లీ మోత.

"అంత గట్టిగా వద్దు. కొంచెం తగ్గించు... ఆఁ, సాలు. ఆపొద్దు."

ఆయన మడిలో ఉన్నాడు, వచ్చి రేడియో ముట్టుకోలేడు. వంటింట్లో అత్త అంబాబాయీ మడిలోనే ఉంది. తను గది దాటకూడదు. మీట మీద చెయ్యి పెట్టి, తిప్పడానికి లేక, దేవకి తన పాట తానే భయంతో వింది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన పాట. అది ఎలా ఉందో ఒక్క ముక్క తలకెక్కలేదు. చివర్లో మళ్లీ పేరు చెబుతారు. పెళ్లి పత్రికలో ఆ పేరు అచ్చు వేయించింది ఆయనే. గుర్తుందా? గుర్తుంటే?

పాట అయిపోయింది. "పాడినవారు తారాబాయి," అంది రేడియో, తొణక్కుండా.

దేవకి కళ్లు మూసుకుంది.

"ఇన్నావా అంబా? తారాబాయంట," అన్నాడు మామ. "యాడి బిడ్డో! అట్లాంటి కోడలుండల్ల ఇంటికి. పెట్టి పుట్టినారు వాళ్ల అత్తామామలు."

గంట మళ్లీ మోగింది.

గండం గడిచిందని సంతోషం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఆయన మెచ్చుకున్న మనిషిని బియ్యం మీద గీత గీసి తుడిపేసింది ఆయనే. పోయి ఆ మాట అనడానికి లేదు, అనకుండా ఉండలేకపోతోంది. రేడియో కట్టేసి మోకాళ్లలో తల పెట్టుకుంది.

పూజ అయింది, మామ భోజనం అయింది. అంబాబాయి విస్తరి తెచ్చి, గడపకు బారెడు దూరంలో పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది. రోజూ అయితే పెట్టిన వెంటనే పోయేది. ఇవాళ పోలేదు. దేవుడింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అన్నం సల్లారిపోతాంది," అంది. "లెయ్యి, తారా."