భుజంలో సున్నం

కాటన్‌పేటలో దుప్పట్ల హోల్‌సేల్ అంగడి నడిపే మునినారాయణప్పకు కుడి భుజం నొప్పి పట్టుకుంది. పై అరలోని కట్ట దించబోతే ప్రాణం లాగేసినట్టయ్యేది. డాక్టర్ సౌమ్య ఎక్స్‌రే చూసి, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులో కాల్షియం పేరుకుందని చెప్పింది. నొప్పికి మాత్రలిచ్చి, వ్యాయామం నేర్పించింది. చాలామందికి అది దానంతటదే కరుగుతుందని కూడా అంది.

ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ ఎముకల బలానికి రోజూ కాల్షియం మాత్ర మింగుతోంది.

"నాకేమో చాల్లేదంట. మీకేమో మిగిలిపోయి భుజంలో సున్నమై కూర్చోనుండాది. ఇదేం న్యాయం?" అని, ఆ పూట నుంచే ఆయనకు పాలు, పెరుగు, రాగిముద్ద బందు చేసింది.

"తిండికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది కదే!"

"ఆ యమ్మేమన్నా మీకు వండి పెడతా ఉండాదా?"

ముద్ద లేని భోజనం ఆయనకు భోజనంలాగే లేదు. కొన్నాళ్లకు ఒళ్లు తగ్గింది కానీ నొప్పి తగ్గలేదు.

ఒక ఉదయం చొక్కా తొడుక్కోబోయి, కేక పెట్టి మంచం మీద కూలబడ్డాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ చేసిన సౌమ్య ముఖం వెలిగింది.

"మంచిదే సార్, కరగడం మొదలైంది. ఎక్కువ నొప్పి ఇప్పుడే ఉంటుంది."

"ఇది మంచిదా తల్లీ?" అన్నాడాయన, కన్నీళ్లు తుడుచుకుంటూ.

భుజానికి మత్తిచ్చి, స్కాన్ తెర మీద చూసుకుంటూ సూది గుచ్చి, సెలైన్‌తో కడిగింది. సిరంజిలోకి పల్చటి సున్నంలాంటి తెల్లటి నీళ్లు వచ్చాయి. కొద్ది వారాల్లో ఆయన చేయెత్తి తల దువ్వుకోగలిగాడు.

ఈ సంగతి విని, పక్క అంగడి సొన్నప్ప తన భుజం పట్టుకుని వచ్చాడు.

"పాలు, రాగి మానిపించినానప్పా. అంతే, కరిగిపాయె," అంది సుబ్బలక్ష్మమ్మ.

"డాక్టరమ్మ సూదితో..." అనబోయాడు మునినారాయణప్ప.

"మీరు గమ్మునుండండి. సూది గుచ్చక ముందే కరుగుతా ఉండాదని ఆ యమ్మే చెప్పలేదా?"

అది నిజమే. సొన్నప్ప ఆ రోజే పెరుగు మానేశాడు. తర్వాత మొదటిసారిగా ఎక్స్‌రే తీయిస్తే, అతని భుజంలో కాల్షియం చుక్క కూడా లేదు.

"చూసినారా, అప్పుడే పోయింది!" అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆ సంతోషంలో భర్తకు ముద్ద వడ్డించింది, ఒక్కటంటే ఒక్కటే. ఆయన అది తిని, అంగడికి పోతూ దారిలో ముద్ద హోటల్లో ఇంకొకటి తిన్నాడు.